మంత్రిగారి తాతగారి పతకం

మంత్రిగారికి త్వరలో ఒక తాతగారు ఏర్పాటు కాబోతున్నారని వారి కార్యాలయం ప్రెస్ నోట్ విడుదల చేసింది.

నోట్‌లో భాష ఇంత సూటిగా లేదు, నిజమే. "మంత్రివర్యుల పితామహులు గత యుద్ధంలో అసమాన శౌర్యం ప్రదర్శించి పతకం పొందిన వీరాధివీరులు. వారి నిలువెత్తు కంచు విగ్రహం ఏటి గట్టున, కూలిన వంతెన పక్కన ప్రతిష్ఠించబడును. వారి పేరు, వారు చేసిన సాహసం త్వరలో తెలియజేయబడును" అని ఉంది. పేరు కూడా తెలియకుండానే ఒక మనిషిని ఇంతగా గౌరవించడం మంత్రిగారి సంస్కారం.

తొందర ఎందుకంటే, ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఎదుటి పార్టీ అభ్యర్థి తాత యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాడు. పోయిన ఆ కాలు మీదే అభ్యర్థి ఊరూరా నడుస్తున్నాడు. మంత్రిగారి అసలు తాత రెండు కాళ్ళతో పుట్టి, సంతలో ఉప్పు తూచి, రెండు కాళ్ళతోనే పోయాడు. దేశం పట్ల ఇంత అశ్రద్ధ చూపిన తాతతో ఎన్నికలకు పోవడం ప్రమాదమని పార్టీ గ్రహించింది.

ఈ వార్త చదివి పతకాల బాబాయి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

బాబాయి గడియారాలు బాగుచేసే మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం ఎత్తేశాడు. మిగిలిపోయిన గోడ గడియారాల్లోంచి యంత్రాలు పీకేసి, లోపల మఖమలు గుడ్డ అతికించి, జీవితమంతా పోగుచేసిన సైనిక పతకాలు వాటిలో తగిలించాడు. ముందుగది గోడలనిండా అవే. "టైమెంతయిందా అని తలెత్తితే యుద్ధాలు కనబడతాయి. కూర ఎన్నిసార్లు మాడిందో అడగండి" అంటుంది పిన్ని, వచ్చినవాళ్ళతో.

మామూలు కళ్ళకి పతకానికి రెండు ముఖాలే. బాబాయి చూసేది మూడోది, అంచు. అక్కడ ఆ సైనికుడి పేరు, నంబరు సన్నగా చెక్కి ఉంటాయి. ఆ పేరు పట్టుకుని ఊళ్ళు తిరిగి, వాళ్ళ బంధువుల్ని వెతికి, అరుగుల మీద కూర్చుని, ఆ మనిషి చరిత్ర అంతా చెప్పించుకుని వస్తాడు. చరిత్ర లేని పతకం రేకుముక్కతో సమానం అంటాడు.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఆయన చెప్పే తీరులో ఉంది. మనిషిని మధ్యలోంచి మొదలుపెట్టకూడదు అన్నది బాబాయి నియమం. ఏ సైనికుడైనా ముందు పుట్టాలి. పాకాలి. మేనమామ భుజమెక్కాలి. బడి ఎగ్గొట్టాలి. ఆ పైనే సైన్యం. అందుచేత బాబాయి ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరూ ఇంతవరకూ ఏ యుద్ధమూ చూడలేదు. ఎవరి వీరుడైనా గోచీ పెట్టుకునే వయసుకి రాగానే వాళ్ళకి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. పిన్ని అందరికంటే ఓపిక గలది. ఒకసారి ఒకడి పెళ్ళిచూపులదాకా వచ్చి నిద్రపోయింది.

ఒక్క పతకం కథయినా చివరిదాకా వినే మనిషి దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేవాడు బాబాయి.

ఆ రోజు మధ్యాహ్నం మంత్రిగారి పీఏ చెప్పులతోనే ముందుగదిలోకి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, చీరల కొట్లో పెళ్ళివారిలా గోడలు చూశాడు.

"పెద్దాయనా, కాస్త పెద్ద సైజు చూపించండి."

"సైజు కాదు బాబూ, వెనక మనిషి ముఖ్యం. ఇదిగో, ఇతను వంటవాడు. పుట్టింది..."

"వంటవాడు వద్దు. తాతగారి హోదాకి తగదు. అది? ఆ ఊదారంగు పట్టీది?"

పీఏ కళ్ళు మెరిశాయి. పట్టీ రంగు, పార్టీ కండువా రంగు ఒక్కటే. అచ్చంగా ఒకే తాను గుడ్డ అన్నట్టుంది. పతకం కూడా అరచేతంత ఉంది. దాని మీద ఒక వంతెన బొమ్మ.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అది చాలా గొప్ప పతకం. కానీ దాని కథ వేరు. అతను పుట్టింది కొండల్లో. తల్లి మేకలు కాసేది. అతనికి నీళ్ళంటే మహా భయం..."

"బయోడేటా మూడు లైన్లు చాలండి."

"మూడు లైన్లలో అతను ఇంకా పుట్టడు బాబూ!"

"పుట్టినట్టే అనుకుంటాం. ధైర్యవంతుడేనా?"

"చెప్పనలవి కాదు. కానీ ఒక్క మాట. అతను మనవాడు..."

"అందరూ మనవాళ్ళే పెద్దాయనా. మా పార్టీ విధానమే అది" అని పీఏ పతకం జేబులో వేసుకున్నాడు.

బాబాయి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అంతకుముందు ఎవరికీ అడ్డం పడి ఎరగడు. "కథ లేకుండా పతకం గడప దాటదు. ఇతని సంగతి మొదట్నుంచి చివరిదాకా నలుగురిలో చెప్పనిస్తారా? అట్లాగైతేనే పట్టుకెళ్ళండి."

"అంతేనా? ఆవిష్కరణ రోజు వేదిక మీద మీరే చెప్పండి. రెండు నిమిషాలు."

రెండు నిమిషాల్లో మేనమామ కూడా రాడు. అయినా బాబాయి పక్కకి తప్పుకున్నాడు. వేదిక అన్నాడు, నలుగురు అన్నాడు. ఆశ పాపిష్ఠిది.

"వాళ్ళు ఎక్కడ పుట్టినవాణ్ణి ఎక్కడికి పట్టుకుపోతున్నారో చెప్పకపోయారా?" అంది పిన్ని.

"చెప్పబోయాను. వింటేగా."

"మీరు చెబితేగా! అసలు ముక్క ముందు చెప్పి తోక తరవాత చెప్పొచ్చుగా!"

పతకం మంత్రిగారి బల్ల మీదికి చేరింది. మంత్రిగారు దాన్ని తాతని చూసినట్టే చూశారు, అంటే మొదటిసారి చూసినట్టు.

"ఈ అక్షరాలేమిటి? మన భాష కాదే?"

"పాత లిపి సార్."

"ఎంత పాత?"

"చదవలేనంత."

మంత్రిగారు తృప్తిగా తల పంకించారు. "వంతెన ఉంది చూశావా? మా వంశానికి వంతెనంటే మొదట్నుంచీ ప్రాణం. మరి మధ్యలో తెగినట్టుందే?"

"అరిగిపోయి ఉంటుంది సార్. తాతగారు తరచూ తడుముకునేవారేమో."

విగ్రహం చేసే శిల్పి బాబాయి దగ్గరికి వచ్చాడు. అతనికి కథ అక్కర్లేదు. మొహానికి మంత్రిగారి ఫొటో ఇచ్చేశారు. కొలతలు కూడా వారివే. పొట్ట కొంచెం తగ్గించమన్నారు.

"ఒక్కటే అడుగుతాను బాబాయిగారూ. ఆయన చేతిలో ఏముండాలి? కత్తా, తుపాకీయా?"

"రెండూ కావు. నిప్పు."

వెంట వచ్చిన పీఏ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "కాగడా! ప్రజలకి దారి చూపించే కాగడా! మొహం ఎటు పెడదాం?"

"వంతెన వైపు" అన్నాడు బాబాయి. "అతను చూసింది అటే."

ఆ వారంలో బాబాయి ఏరు దాటాల్సిన పని పడింది. ఏరు దాటాలంటే సరంగు పడవే దిక్కు. వెనకటి యుద్ధంలో వంతెన కూలింది. అప్పట్నుంచీ ప్రతి ఎన్నికకీ కొత్త వంతెనకి ఒక శంకుస్థాపన రాయి వేస్తున్నారు. మంత్రిగారు వచ్చాక జోరు పెరిగింది. ఉపఎన్నికక్కూడా వేశారు. గట్టున వరసగా నిలబెట్టిన ఆ రాళ్ళన్నీ ఏట్లో పడేసి ఉంటే జనం ఈపాటికి చెప్పులు తడవకుండా దాటేవాళ్ళు.

సరంగు గెడ వేస్తూ అన్నాడు, "నాకైతే వంతెన మీద కోపం లేదు బాబాయ్. అది కూలబట్టే మా తాత పడవ కట్టాడు. ఆ మహానుభావుడెవడో గాని, మా పాలిట దేవుడు. వాడెవడో తెలిస్తే ఒక్కసారి చేతులెత్తి దణ్ణం పెడతాను."

బాబాయి ఒళ్ళు పులకరించింది. "నాకు తెలుసురా! అతను పుట్టింది కొండల్లో. తల్లి మేకలు కాసేది..."

పడవ ఒడ్డుకి తగిలింది. "మిగతాది తిరుగు పడవలో చెబుదువుగాని బాబాయ్, దిగు, దిగు. వెనక జనం ఉన్నారు."

ఆవిష్కరణ రోజు గట్టు నిండిపోయింది. విగ్రహం మీద ఊదారంగు గుడ్డ కప్పారు. లోపల కాగడా పైకి పొడుచుకొచ్చి గుడారం కర్రలా కనబడుతోంది. పతకం పక్కనే అద్దాల పెట్టెలో. పిన్ని ముందు వరసలో కూర్చుంది. అంతా సిద్ధం. రావలసింది మంత్రిగారే.

వారు అవతలి గట్టుకి ఠంచనుగా వచ్చేశారు. అయితే కార్లు అక్కడ ఆగిపోయాయి. అక్కడ వంతెన లేదన్న సంగతి వారికి ముందుగా ఎవరూ మనవి చేయలేదు. కారు ఎక్కించడానికి సరంగు పడవ చాలదు. కారు లేకుండా మంత్రిగారిని పంపడానికి సెక్యూరిటీ ఒప్పుకోదు. ఏటికి ఇవతల పీఏ, అవతల మంత్రిగారు, మధ్యన ఫోను.

"జనాన్ని కదలనివ్వకు!" అంది ఫోను.

పాటలు అయిపోయాయి. పార్టీ పెద్దలు మాట్లాడారు, మాట్లాడిందే మళ్ళీ మాట్లాడారు. వెనక వరసలవాళ్ళు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. పీఏ దిక్కులు చూశాడు. బాబాయి కనబడ్డాడు.

"పెద్దాయనా, మీరు రెండు నిమిషాలు మాట్లాడాలి కదా?"

"అవును."

"రెండు నిమిషాలు వద్దు. సార్ వచ్చేదాకా ఆపకండి. నెమ్మదిగా చెప్పండి. ఎంత నెమ్మదిగా చెబితే అంత మంచిది."

పుట్టి బుద్ధెరిగాక బాబాయితో ఎవరూ ఇంత తియ్యటి మాట అనలేదు. మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అతను పుట్టింది కొండల్లో" అన్నాడు.

పుట్టించాడు. పాకించాడు. మేకల వెంట తిప్పాడు. నీళ్ళంటే భయపడి వాగు దాటడానికి ఎప్పుడూ ముసలి మేనమామ భుజమెక్కే కుర్రాణ్ణి చూపించాడు. చెప్పులు వెతుక్కునేవాళ్ళు చెప్పులు దొరికినా కూర్చున్నారు. అతనికి పెళ్ళయింది. సైన్యంలో చేరాడు. యుద్ధం వచ్చింది. అంతటి భయస్తుడికీ పై అధికారి ఒక పని చెప్పాడు. మందుగుండు బస్తా నెత్తిన పెట్టుకుని, అర్ధరాత్రి మెడలోతు నీళ్ళలో దిగి వెళ్ళాలి.

"ఎక్కడికి?" అని జనంలోంచి ఎవరో అరిచారు.

"కంగారు పడకు నాయనా, వస్తున్నాను. వెళ్ళాడు. తెల్లారేదాకా వంతెన కింద దూలం పట్టుకుని వణికాడు. తెల్లారింది. చేతిలో కాగడా. ఇక వత్తి అంటించాలి. సరిగ్గా అప్పుడు వంతెన మీదికి ఒక ముసలావిడ మేకల మందతో వచ్చింది. అతనికి తల్లి గుర్తొచ్చింది. ఆగాడు. అవతల మన సైన్యం బూట్ల చప్పుడు దగ్గరపడుతోంది..."

పీఏ తల ఒక్కసారిగా లేచింది. "మన సైన్యం అవతలేమిటి?" అని గొణిగి, మైకువాడి వైపు చెయ్యి ఊపాడు, ఆపెయ్యమని.

"ఉండండి సార్" అన్నాడు మైకువాడు కన్నార్పకుండా. "పేలబోతోంది."

"...ఆఖరి మేక దిగింది. అంటించాడు. మన సైన్యం కళ్ళముందే వంతెన నడుం విరిగి ఏట్లో పడింది. పక్కదేశం రాజు అతన్ని పిలిచి పతకం ఇచ్చాడు. ఆలస్యం చేసినందుకు పై అధికారి తిట్టాడు. ముసలితనంలో అతను పతకం గురించి చెప్పేవాడు కాదు, మేకల గురించే చెప్పేవాడని అతని కూతురు నాకు చెప్పింది. అదీ కథ."



"ఏవండీ," అని ముందు వరసలోంచి పిన్ని గొంతు వినిపించింది, "మేకలన్నీ దిగినట్టేనా?"

"అన్నీ దిగాయే!" అన్నాడు బాబాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏ వంతెన బాబాయ్ అది?" ఎవరో అడిగారు.

"ఏ వంతెనేమిట్రా? మనకి ఎన్నున్నాయి?"

జనం ఏట్లో మిగిలిన మొండి స్తంభాల వైపు చూశారు. తరవాత ఊదారంగు గుడ్డలో నిలబడ్డ కాగడా వైపు చూశారు. ఆ పైన గట్టున వరసగా ఉన్న శంకుస్థాపన రాళ్ళ వైపు చూశారు. వెనక వరసలో ఒక నవ్వు లేచింది. అది ముందు వరసకి వచ్చేసరికి ఏరు పొంగినట్టయింది. చప్పట్లు, ఈలలు.

సరిగ్గా ఆ సమయానికి, సెక్యూరిటీని ఒప్పించి, సరంగు పడవలో మంత్రిగారు వచ్చి దిగారు. ఇంత స్పందన వారు తమ రాజకీయ జీవితంలో చూడలేదు. పీఏ చెవిలో ఏదో చెప్పబోయాడు. "తరవాత, తరవాత. జనం మూడ్ చూడు!" అని వేదికెక్కి గుడ్డ లాగేశారు.

"మా తాతగారి చరిత్ర మీరంతా విన్నారని తెలిసింది" అన్నారు మంత్రిగారు. జనం ఊగిపోయారు. "ఈ వంతెన విషయంలో మా తాతగారు ఏం చేశారో మీకు తెలుసు!" గట్టు దద్దరిల్లింది. "ఇన్నేళ్ళుగా ఆయన అడుగుజాడలు నేను ఒక్క అంగుళం కూడా తప్పలేదు! ఇకముందూ తప్పనని ఈ విగ్రహం సాక్షిగా మాటిస్తున్నాను!"

కొందరు నవ్వలేక నేలమీద కూర్చున్నారు. మంత్రిగారు వారి భావోద్వేగాన్ని అర్థం చేసుకున్నారు.

అప్పుడు సరంగు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పడవ కట్టేసి గట్టెక్కి, పక్కవాళ్ళని అడిగి సంగతి తెలుసుకున్నట్టున్నాడు. తలగుడ్డ తీశాడు. ముందు విగ్రహానికి, తరవాత మంత్రిగారికి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అతని మొహంలో నవ్వు లేదు. కళ్ళనిండా నీళ్ళు.

"అయ్యా, మా తాత, మా నాన్న, నేను మీ తాతగారి పేరు చెప్పుకుని బతికాం. తమరు చల్లగా ఉన్నన్నాళ్ళూ మా పిల్లలకీ లోటుండదు."

ఇటువంటి మాట ఓటరు నోట స్వచ్ఛందంగా రాగా మంత్రిగారు వినడం అదే మొదలు. వారు అతన్ని వేదిక మీదికి పిలిచి కౌగలించుకుని, అక్కడికక్కడే కొత్త పడవ మంజూరు చేశారు.

ఈసారి కారు పట్టేంత పెద్దది.