రాజేశం వడ్డిస్తే తింటారా?

కోరుట్లలో టెంట్‌హౌస్ శ్రీశైలానికి ఆలోచన వచ్చిందంటే ఆ పూట ఇంట్లో వంట ఆలస్యమైనట్టే. ఎందుకంటే ఆయన ఆలోచించేది వంటింటి గుమ్మంలో నిలబడి. లోపలికి రాడు, బయటికి పోడు, భార్య కళావతిని కదలనివ్వడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సులు లేవు, బళ్లు లేవు. ఊళ్లో ఎక్కడ ధర్నా జరిగినా షామియానా మాత్రం శ్రీశైలందే. కాబట్టి ఉద్యమానికి నీడ ఇచ్చింది తానేనని ఆయన గట్టి నమ్మకం.

పొద్దున్నే జగిత్యాల నుంచి పార్టీ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. పాత లీడరు రాజేశం మళ్లీ పార్టీలోకి వస్తానంటున్నాడట. ఒకప్పుడు ఆయన కోరుట్ల పులి. తీరా లాఠీలు లేచే వేళకు ఎదుటి పార్టీలోకి దూకి సిరిసిల్లలో తేలాడు. అప్పట్నుంచి జనానికి ఆయన రివర్స్‌గేర్ రాజేశం. ఆయన తిరిగొస్తే పార్టీకి లాభమా, నష్టమా? సాయంత్రంలోగా కోరుట్ల మాట తేల్చి చెబితే టౌన్ ప్రెసిడెంట్ పదవి శ్రీశైలానిదేనట. ఆ పదవి మీద ఆయనకు ప్రాణమని ఊరంతటికీ తెలుసు.

"రాజేశమన్న వస్తే లాభమేనా కళావతీ?"

"లాభమే. ఆయనెనుక మస్తు మంది ఉన్నరు."

"అయితే రమ్మందమా?"

"అద్దు, నష్టం. ఆయన ముంగట అంతకన్న ఎక్కువ మంది ఉన్నరు, చెప్పులు పట్టుకొని."

"గిట్ల రెండు మాటలంటే ఎట్లనే? ఒక్కటి చెప్పు."

"ఒక్కటే చెప్తున్న. గుమ్మంల నుంచి జరుగు."

జరుగుతుండగానే ఉపాయం తట్టింది. ఆ మధ్యాహ్నం జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండడం, అందరూ అక్కడే కూర్చుని తినడం, అదీ నిరసన. రాజేశాన్ని పిలిచి చేతికి గంటె ఇస్తే సరి. జనం ఆయన చేతి అన్నం తింటే లాభం, తినకపోతే నష్టం.

ఈ రహస్యం పార్టీ కండువాలు కుట్టే లతీఫుద్దీన్‌కు మాత్రం చెప్పాడు.

"ఆకలైనోడు ఎవని చేతిదైనా తింటడు శ్రీశైలం భాయ్," అన్నాడు లతీఫుద్దీన్.

"నువ్వు కండువాలు కుట్టు. రాజకీయం నాకిడిసిపెట్టు."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా పర్వాలేదంటారు. మనవాడో కాడో తేలనివాడికి గంటె ఇస్తే ఏమవుతుందో మాత్రం ఏ సామెతా చెప్పలేదు.

మధ్యాహ్నం కళావతీ, ఆమెతో బీడీలు చుట్టే ఆడవాళ్లూ బగారన్నం గంజులు పొయ్యి మీంచి దించారు. రాజేశం కారు దిగి టీవీ కెమెరాల ముందు గంటె అందుకున్నాడు. వరసలో మొదట ముసలి రుక్కమ్మ పళ్లెం చాపింది.

"ఏ మొకం పెట్టుకొని అచ్చినవురా రాజేశం?"

రాజేశం చెయ్యి ఆగిపోయింది.

"ఆగినవేంది? ఇంకో గంటె ఎయ్యి."

ఆమె వెనకవాళ్లదీ అదే వరస. తిట్టుకుంటూ పెట్టించుకున్నారు, నములుతూ తిట్టారు. ఒక కుర్రాడు పళ్లెం నాకి, "రాజేశం గో బ్యాక్" అని అరిచి, మళ్లీ వచ్చి వరసలో నిలబడ్డాడు. జనం పళ్లెం చాపినప్పుడల్లా శ్రీశైలం ముఖం వెలుగుతోంది. తిట్టడానికి నోరు తెరిచినప్పుడల్లా ఆరిపోతోంది.

"లతీఫ్ భాయ్, నీకేమన్న సమజైందా?"

"బగారా మంచిగైందని సమజైంది."

శ్రీశైలం పరుగున కళావతి దగ్గరికి వెళ్లాడు. "తిడుతున్నరు, తింటున్నరు. నేను సారుకు ఏమని చెప్పాలెనే?"

"కెమెరా ఉన్నంతసేపు అందరు వడ్డిస్తరు. తిన్నంక గంజులు తోమేటోడెవ్వడో చూడాలె," అని కళావతి అటు తిరిగింది. "రాజేశమన్నా, లాఠీలు పడ్డనాడు నువ్వు లేవు. మేమే ఉన్నం. ఆ నొప్పి ఇంక పోలేదు. నిజంగ అచ్చినవైతే కూసో, గంజులు తోము."

రాజేశం కారు వైపు చూశాడు, జనం వైపు చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి గంజు ముందు కూర్చున్నాడు.

"తప్పయింది చెల్లె," అన్నాడు. కళావతి బూడిద డబ్బా ఆయన ముందుకు జరిపింది.

కాసేపు పీచుతో కుస్తీ పట్టి రాజేశం తలెత్తాడు. "గీ గంజులు ఎవలయి చెల్లె?"

"మా ఆయనయే."

"మరి ఆయనేడి?"

అందరి కళ్లూ షామియానా గుంజ చాటున ఉన్న శ్రీశైలం మీద పడ్డాయి.

"పదవి అడుగుతున్నడు గదా, ఆయన్ని గూడ కూసోబెట్టు," అంది రుక్కమ్మ.

కూర్చోక తప్పలేదు. మోచేతుల దాకా మసి అంటుకున్నాక జేబులో ఫోన్ మోగింది. కళావతి తీసి మాట్లాడింది.

"నమస్తే సారు... ఆయన పనిల ఉన్నడు... రాజేశమన్న సంగతా? ఇప్పుడే చెప్పలేం సారు, ఒక్క గంజే అయింది... నేనా? వండిన కళావతిని... టీవీల చూసిన్రా? అవు సారు, తోమమన్నది నేనే..." తర్వాత చాలాసేపు వింది. ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నడే?"

"టౌన్ ప్రెసిడెంట్‌గ నన్ను ఉండుమన్నడు."

శ్రీశైలం చేతిలోంచి పీచు జారిపోయింది. "నువ్వేమన్నవు?"

"మా ఆయన్ని అడిగి చెప్తనన్న. చెప్పు మరి, నేనైతే లాభమా, నష్టమా?"

శ్రీశైలం తలెత్తి చూశాడు. గంటెలు పట్టుకుని ఆడవాళ్లంతా ఆయన జవాబు కోసమే నిలబడి ఉన్నారు.

"లాభమే," అన్నాడు గొణుగుతూ.

"అయితే మంచిగ తోము. అడుగు మాడింది."