ఏడు రంగుల భోజనం, ఒక ఇంధన ప్రణాళిక

కరెంటు కోతను మించిన వరం లేదు. నమ్మరా? ప్రిటోరియాలో నొంటోబెకో వంటింట్లో మొన్న ఆదివారం ఏం జరిగిందో వినండి.

ఇంకాసేపట్లో కోత. ఓవెన్‌లో కోడి, కరెంటు పొయ్యి మీద అన్నం, గుమ్మడి, పాలకూర. సరిగ్గా అప్పుడే ఆమె భర్త వెలాఫి కెటిల్ నిండా నీళ్లు పోసి స్విచ్ వేశాడు. ఇంటి మెయిన్ టప్పున పడిపోయింది.

"ఒక్క కప్పు టీకి కెటిల్ నిండా నీళ్లెందుకండీ?"

"ముందుముందు డిమాండ్ పెరగొచ్చు కదా."

వెలాఫి జాతీయ ఇంధన ప్రణాళికా సంఘంలో సభ్యుడు మరి! ఈ వాదన తేలి మెయిన్ ఎత్తేసరికి అసలు కోత వచ్చేసింది. కోడి సగం పచ్చి. అత్తగారి చర్చి మహిళలు భోజనానికి వస్తున్నారు. ఆనవాయితీగా ఆదివారం పళ్లెంలో ఏడు రంగుల వంటకాలు లేకపోతే మళ్లీ ఆదివారం దాకా చర్చిలో అదే ముచ్చట.

"పెరట్లో బొగ్గులు రాజెయ్యనా?" అందామె.

"తొందరపడకు. బొగ్గంటే పొగ. గ్యాసంటే దిగుమతి. ఎండ రాత్రిపూట ఉండదు. గాలిని నమ్మలేం. ఇక అణుశక్తి..."

"కోడికా?"

"అన్నీ పరిశీలించాలి."

ఎంత దూరదృష్టి! ఏదో ఒకటి ఎంచుకున్నవాడు పొరబడవచ్చు. ఏదీ ఎంచుకోనివాడు పొరబడే అవకాశమే లేదు. అందుకే మన ప్రణాళిక ఏళ్ల తరబడి ముసాయిదాగానే క్షేమంగా ఉంది. అది పూర్తయిపోతే మనకు ఈ చీకటి దొరికేదా? సిగ్నళ్లు ఆరిపోబట్టే కదా డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు! ఫ్రిజ్‌లో మాంసం పాడవబట్టే కదా వీధికుక్కలు పుష్టిగా ఉన్నాయి!

అత్తగారు తొంగిచూసింది. "కోడలా, వాళ్లు గేటు దగ్గరికొచ్చేశారు. మావాడు ఏం తేల్చాడు?"

"ఉపసంఘం వేస్తారట అత్తయ్యా."

"వాళ్ల నాన్న కనీసం కట్టెలు కొట్టేవాడు."

నొంటోబెకో పెరట్లో సగానికి కోసిన డ్రమ్ములో బొగ్గులు రాజేసి, కోడినీ గిన్నెలనూ దానిమీదికి చేర్చింది. అతిథులు కాస్త ఆలస్యంగానే అయినా ఏడు రంగులూ తిన్నారు. వెలాఫి పళ్లెంలో మాత్రం బీట్‌రూట్ సలాడ్, పచ్చి క్యాబేజీ ఉన్నాయి.

"నా కోడి ఏది?"

నొంటోబెకో అందరికీ వినబడేలా చెప్పింది. "రేపు గ్యాస్ పొయ్యి తెస్తున్నాను. అత్తయ్యకీ పిల్లలకీ నాకూ దానిమీదే వంట. మీ వాటా మాత్రం మీ సంఘం ఏ ఇంధనం ఖరారు చేస్తే దానిమీదే వండుతాను. అప్పటిదాకా సలాడ్ తినండి."