నీళ్లు లేని సీమకు గాల్ఫే దిక్కు

రాయలసీమకు ఇప్పుడు కావలసింది చెరువు కాదు, కాలువ కాదు, రైలు అంతకన్నా కాదు. గాల్ఫు!

నవ్వకండి. నవ్వేవాళ్లంతా గాల్ఫు మైదానం చూడనివాళ్లే. నేను చూశాను. కంచె బయట నిలబడే చూశాను, లోపలికి రానివ్వలేదు. అయినా చూడవలసిందంతా అక్కడి నుంచే కనబడింది.

మన సీమలో వాన పడదని తాతల కాలం నుంచీ ఏడుస్తున్నాం. ఇంగ్లండులో పాపం దొరలు వానలో తడుస్తూ, తుమ్ముకుంటూ గాల్ఫు ఆడతారట! మన దగ్గర ఏడాదికి మూడు వందల నలభై రోజులు ఆటకు అడ్డమనేదే లేదు. ఇంత వరాన్ని చేతిలో పెట్టుకొని దానికి కరువు అని పేరు పెట్టుకున్న తెలివితక్కువ జనం మనం తప్ప ఇంకెవరైనా ఉంటారా?

ఆ తెలివి ఉన్నవాడు ఒక్కడే దొరికాడు. ఆయనొక దొరగారు. పేరూ హోదా చెప్పను, నాకూ పెళ్లాం పిల్లలున్నారు. రాయచోటికి నాలుగు కోసుల దూరంలో, పాలకొండల కింద, దొరలు చలికాలం సెలవులకు దిగే బంగళా ఒకటుంది. పన్నెండేళ్ల కిందట కరువు వచ్చి, సర్కారువారు కూలీకి పని చూపించమంటే, చెరువుల్లో పూడిక తీయిస్తారేమోనని జనం తట్టలు తెచ్చుకొని నిలబడ్డారు. దొరగారు అంతకంటే దూరం ఆలోచించారు. చెరువులో పూడిక తీస్తే మళ్లీ పూడుతుంది. గాల్ఫుకు గుంత తవ్వితే ఎన్నటికీ గుంతగానే ఉంటుంది కదా! అలా ఎనభై ఎకరాల మేతబీడు తొమ్మిది గుంతల గాల్ఫు మైదానమైంది. మేకలకు మాత్రం ఈ సంగతి ఎవరూ నచ్చజెప్పలేకపోయారు.

ఎంత అందంగా ఉంటుందనుకున్నారు! రెండు వైపులా కానుగలు, వేపలు, నడుమనడుమ పాత చింతమాన్లు, వాటి మధ్య పచ్చటి బాట. ఒక పక్క కొండ, ఇంకో పక్క వంక. బలముంది కదా అని గుడ్డిగా బాదితే బంతి చింతల్లోకి పోతుంది, ఇక దొరకదు. మూడో గుంత దగ్గరయితే ముందు వేపమాను మలుపుదాకా మెల్లిగా కొట్టి, అక్కడి నుంచి చూసుకొని రెండో దెబ్బ వేయాలి. తొందరపడేవాడికి అక్కడ పుట్టగతులుండవు. ఒక బావి, రెండు కపిల మోటలు, నాలుగు ఎద్దులు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఆ గడ్డికి నీళ్లు తోడతాయి. ఊరి ఆడవాళ్లు వంకలో చెలమలు తవ్వుకొని కడవలు నింపుకుంటారు. గడ్డి చెలమ తవ్వుకోలేదు, మనుషులు తవ్వుకోగలరు. న్యాయమే కదా!

ఆ గడ్డికి నీళ్లు కట్టేవాడే మన నరసన్న.

నరసన్నది పక్కనే ఉన్న యర్రచెరువుపల్లె. ఏడు తరాలుగా ఆ ఇంటివాళ్లు నీరుగంట్లు. అంటే చెరువు తూము తెరిచేదీ మూసేదీ వాళ్లే, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చెప్పేదీ వాళ్లే. పంట కోతలకు ఇంటింటికీ పోయి వాళ్ల వాటా మోపులు తెచ్చుకుంటారు. ఎనిమిదేళ్ల కిందట ఒక పెద్దవానకు యర్రచెరువు కట్ట తెగింది. పన్నెండు బారల గండి. ఆ నాటి నుంచి చెరువులో నీళ్లు లేవు, మళ్లలో వరి లేదు, నరసన్నకు మోపు లేదు.

ఇంటికొక మనిషి, మనిషికొక తట్ట పెట్టి కట్ట పూడ్చుకోవడం ఆ ఊరి పాత కట్టుబాటు. పూడ్చబోయారు కూడా. అది సర్కారు చెరువనీ, పై నుంచి హుకుం లేకుండా మట్టి పోయకూడదనీ ఏడుగురికి జుల్మానా వేశారు. సరే, అర్జీ పెట్టుకున్నారు. అర్జీ పోయిన చోటి నుంచి ఇంకో అర్జీ పెట్టమని జవాబు వచ్చింది. ఎనిమిదేళ్లుగా కాగితాలు మాత్రం కాలువలాగా పారుతూనే ఉన్నాయి.

కూలీకి గాల్ఫులో చేరిన నరసన్నకు ఒక సంగతి తొందరలోనే తెలిసిపోయింది. దొరలు గుంత దగ్గరికి వచ్చాక బంతి ఎటు దొర్లుతుందో తెలియక మోకాళ్లమీద కూర్చుంటారు, ఒక కన్ను మూస్తారు, కర్ర నిలబెట్టి చూస్తారు, అయినా తప్పు కొడతారు. నరసన్నకు నవ్వు ఆగేది కాదు. నేల వాటం చూడటం కూడా ఒక విద్యేనా? ఎకరా మడిలో వేలెడు తేడా ఉంటే గట్టుమీద నడుస్తూనే చెప్పే ఇంట్లో పుట్టినవాడు!

ఒకనాడు దొరగారు కొట్టబోతుంటే నోరు ఊరుకోక అనేశాడు, "జానెడు ఎడంపక్కకి కొట్టు దొరా. వాటం వంక పక్కకుండాది."

బంగళాలో వంట చేసే బుడేన్ సాహెబ్, నరసన్న ఊరివాడే, ఆ మాటను ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాడు. దొరగారు ముఖం చిట్లించి, పోనీ చూద్దామని జానెడు ఎడమకు కొట్టారు. బంతి ఎవరో పిలిచినట్టు పోయి గుంతలో పడింది!

ఇక ఆ రోజు నుంచి నరసన్నా, అతని మాట తిప్పి చెప్పే బుడేన్ సాహెబూ లేనిదే దొరగారు ఆడరు. ఏటేటా బళ్లారి నుంచి ఒక దొర వచ్చి పందెం కప్పు ఎగరేసుకుపోయేవాడు. ఆయన కొడితే కొండకు తగిలేటంత బలం. ఆ ఏడు ఆయన బంతులు మూడు చింతల పాలయ్యాయి. మన దొరగారు మాత్రం మాను మానుకూ ఆగి, మెల్లిగా కొట్టుకుంటూ వచ్చారు. ఆఖరి గుంత దగ్గర ఇద్దరూ సమానం. బంతికీ గుంతకూ పన్నెండడుగుల దూరం. చూసేవాడికి నేల కుడికి వాలినట్టుంది.

దొరగారు నరసన్న వైపు చూశారు. బళ్లారి దొర మీసం కింద నవ్వుకున్నాడు.

"కొండను చూసి మోసపోవద్దు దొరా," అన్నాడు నరసన్న. "అది కండ్లను మాయ చేస్తాది. నీళ్లయితే ఎడమకే పోతాయి. మూరెడు కుడిపక్కకి కొట్టు."

దొరగారు అలాగే కొట్టారు. బంతి కుడికి పోయి, తప్పు తెలుసుకున్నదానిలా మెల్లిగా ఎడమకు తిరిగి, గుంత అంచున ఒక్క క్షణం ఆగి పడిపోయింది. కప్పు మనదే! దొరగారు నరసన్న భుజం తట్టి, ఏం కావాలో కోరుకోమన్నారు.

కట్టుకోను బట్టలు కోరవచ్చు. ఎకరా భూమి కోరవచ్చు. నరసన్నకు అవేవీ తోచలేదు. ఎనిమిదేళ్ల మాట నోటిదాకా వచ్చింది.

"నాకేమీ వద్దు దొరా. మా చెరువు ఒక్కసారి వచ్చి చూడు. చూస్తే శాలు."

చూసినవాడు కాదనలేడని అతని నమ్మకం. సంతకం పెట్టమని అడగలేదు. గండి పూడ్చమని అడగలేదు. చూడమన్నాడు. పెద్దమనుషులను అడిగే మర్యాద మన సీమలో అంతే కదా!

శుక్రవారం దొరగారు వస్తారనేసరికి ఊరు ఊరంతా చెరువులోకి దిగింది. ఇంటికి అధికారి వస్తుంటే కసువు ఊడ్చకుండా ఉంటామా? కంప కొట్టేశారు. నెర్రెలు పూడ్చారు. గుంతలూ మిట్టలూ సమం చేశారు. గుర్రం కాలు జారకుండా కట్ట మీది నుంచి మెత్తగా బాట చేశారు. తుమ్మచెట్ల కింది కొమ్మలు నరికి, కింద కూర్చునే చోటు చదును చేశారు. నరసన్న భార్య హంపమ్మ ఒక్కతే నడుముకు చేయి పెట్టుకొని నిలబడింది.

"ఏమయ్యా, చెడిపోయిన చెరువును చూసేకి వస్తాంటే దానికి పెండ్లి ముస్తాబు చేస్తాండారే? కంపలు అట్లే ఉండనీ. నెర్రెల్లో ఆయప్ప కాలు దిగబడితే తెలుస్తాది మన బాధ!"

"నీకు తెల్దు ఊరుకోవే," అన్నాడు నరసన్న. "దొర కాలికి ముల్లు గుచ్చుకుంటే కాగితం మింద సంతకం పడదు."

దొరగారు వచ్చారు. కట్ట మీద గుర్రం ఆపి చూశారు. నూరెకరాల చదునైన నేల, మెత్తటి ఒండ్రు, చుట్టూ వరసగా తుమ్మలు, వెనక కొండ. దొరగారి కళ్లలో తడి కనబడిందని బుడేన్ సాహెబ్ ఈనాటికీ ఒట్టు వేసి చెబుతాడు.

"బ్యూటిఫుల్!" అన్నారు దొరగారు.

"ఏమంటాండాడు సాయిబూ?"

"శానా బాగుండాది అంటాండాడు," అని బుడేన్ సాహెబ్ తిప్పి చెప్పాడు.

చదువరులారా, సర్కారు పనులు నిదానంగా జరుగుతాయని గిట్టనివాళ్లు చెప్పే మాట నమ్మకండి. ఎనిమిదేళ్లలో రాని మంజూరు పంతొమ్మిది దినాలలో వచ్చింది! యర్రచెరువులో కొత్తగా ఇంకో తొమ్మిది గుంతలు. కట్ట పొడుగునా కానుగ మొక్కలు. వాన పడితే మైదానం పాడు కాకుండా నీళ్లు పోవడానికి గండి ఉండనే ఉంది, కాబట్టి దాన్ని ఎవరూ పూడ్చరాదు. ఆ గండికి కాపలాగా, నీళ్ల వ్యవహారంలో ఆరితేరినవాడు గనక, నరసన్నకు నెల జీతం మీద ఉద్యోగం. ఏడు తరాల వాళ్లు చెరువులో నీళ్లు నిలిపితే వచ్చిన మోపులకంటే, నీళ్లు నిలవకుండా చూస్తే వచ్చే జీతం ఎక్కువ. ఇంకా గాల్ఫు మేలు కాదంటారా?

ఊళ్లో ఎవరూ అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నరసన్న అనుకున్నాడు. అతను పోతుంటే మాటలు ఆపేవాళ్లు, అంతే. తన నోటితో పిలుచుకొచ్చి చెరువును దొరల చేతిలో పెట్టాడు. ఆ సిగ్గు అతన్ని నిలువునా తినేసింది.

కార్తీకం ముందర తుపాను పట్టింది. అలాంటి వాన ఎనిమిదేళ్లుగా లేదు. కొండ మీది నుంచి ఎర్రనీళ్లు దిగి, పదో గుంత మీదుగా, పదకొండో గుంత మీదుగా, జెండాలను పడదోసుకుంటూ గండి వైపు వచ్చాయి. కాపలా కర్ర పట్టుకొని నరసన్న గండిలో నిలబడ్డాడు. నీళ్లు పాదాలు తడిపి, వంకలోకి పోతున్నాయి.

హంపమ్మ తట్టెడు మట్టి నెత్తిన పెట్టుకొని వచ్చింది. వెనక ఊరంతా ఉంది, ఇంటికొక మనిషి, మనిషికొక తట్ట.

"పక్కకి జరుగుతావా, నీ మిందనే పొయ్యమంటావా?"

నరసన్న ఆమెను చూశాడు. కాళ్ల సందుల్లోంచి జారిపోతున్న నీళ్లను చూశాడు. కర్ర అవతలికి విసిరేశాడు.

"ఆడ కాదే! నీళ్ల ఉరవడి ఈ పక్కనుండాది. ముందర కంప, దాని మింద రాయి, ఆ తర్వాతనే మన్ను. తట్ట ఈడికి తే!"

రెండు పగళ్లలో గండి పూడింది. వాన వెలిసేసరికి చెరువు తూము ఎత్తుకు నిండింది. ఎనిమిదేళ్ల తర్వాత నరసన్న తూము తెరిచి, మడి మడికీ నీళ్లు పంచి, నాట్లు వేయించాడు. ఆ నెలలోనే దొరల గాల్ఫు క్లబ్బువారు అతని మీద కేసు పెట్టారు. తాలూకా కచేరీలో చదివిన నేరం ఇది: ముద్దాయి బుద్ధిపూర్వకంగా చెరువులో నీళ్లు నిలబెట్టెను.

ఇక్కడ నేను నిలువునా ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. గాల్ఫు గొప్పతనం మీద ఇంతసేపు వాదించిన నాకు, ఆ ఒక్క వాక్యం విన్నాక ప్రశ్న ఒకటే మిగిలింది. చెరువున్నది ఎందుకు మరి?

మేజిస్ట్రేటు గారు దొర కాదు, మన తెలుగువారే. ముఖంలో ఏమీ కనబడనివ్వని మనిషి.

"నువ్వే పూడ్చినావా?"

"నేనే సామీ. కాపలా ఉండమంటే పూడ్చినా. తప్పే. నీళ్లు పోతాంటే చూసేకి నాకు చేత కాలే."

క్లబ్బు వకీలు లేచి, విచారణ ముగిసేలోగా గండి తిరిగి తెరిపించాలని ప్రార్థించాడు. కచేరీలో ఉన్న ఊరివాళ్లందరి ముఖాలూ ఒక్కసారి పాలిపోయాయి. నాటిన వరికి అప్పటికి ఇరవై దినాలు.

మేజిస్ట్రేటు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పంట కోతకు ఇంకా ఎన్నాళ్లు?"

"తొంబై దినాలు సామీ. నూర్చుకునేకి ఇంగో పది."

ఆయన గోడకున్న క్యాలెండరు చూసి, ఏదో రాసి, ఇంగ్లీషులో చదివారు. వకీలు ముఖం మాడిపోయింది. బుడేన్ సాహెబ్ నరసన్న చెవిలో వివరించాడు: గండిలో పోసిన మట్టి ఈ కేసుకు ముఖ్య సాక్ష్యం, కేసు తేలేదాకా దాని మీద ఎవరి గడ్డపారా పడకూడదు, తాకినవాడికి జైలు. కేసు నూరు దినాలకు వాయిదా.

"ఎక్కువ ఆలస్యమనుకుంటే చెప్పు," అన్నారు మేజిస్ట్రేటు గారు. "ముందుకు జరుపుతాను."

నరసన్న రెండు చేతులూ జోడించాడు.

"వద్దు సామీ! శానా నిదానంగా చూడండి. మాకేం తొందర లేదు."