ముందున్న ఫైలు

"ఇయ్యాల ఏమన్న అయితదో ఏమో బిడ్డా! పొద్దుగాల సంది నా కుడి కన్ను అదురుతున్నది."

తార్నాకలోని రెండు గదుల ఇంట్లో భూదేవి ఈ మాట అంటుంటే, కూతురు నవత తల దువ్వుకుంటూ, "నీ కన్ను రోజూ అదురుతది అమ్మా" అంది.

ఆ రోజు యూనివర్సిటీలో నవత ప్రాజెక్టు పరీక్ష. కోడ్ రాసుకునే ఎడిటర్‌కు ఆమె ఒక చిన్న ఎక్స్‌టెన్షన్, అంటే తగిలించుకునే అదనపు ప్రోగ్రాము, తయారుచేసింది. తెరమీద ముందున్న ఫైలులోంచి అది ఒక్కో లైనూ తీసుకొని పైకి చదువుతుంది. చూపులేని క్లాస్‌మేట్ కుమార్ తన కోడ్ తానే సరిచూసుకోవాలని ఆమె తపన. ఇది పాసైతేనే రాంచందర్ సార్ దాన్ని కుమార్ కంప్యూటర్లో పెట్టిస్తారు.

పరీక్షకు వెళ్లే వస్తువును బొట్టు పెట్టకుండా పంపడం భూదేవి ఎరగదు. నవత చెప్పులు వేసుకునేలోగా లాప్‌టాప్ మూత తెరిచి పసుపు, కుంకుమ అద్దింది. కుంకుమ మీటల మీద రాలింది. కొంగుతో గట్టిగా తుడిచి, మూసి, సంచిలో పెట్టింది. నవత ఉప్మా ముట్టకుండానే పరుగెత్తింది.

కాసేపాగి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఉప్మా డబ్బాతో వీధిలోకొచ్చి, ఎదురింటి సుధామయితో, "పిల్ల తినలే, ఫోన్ ఎత్తుతలేదు" అంది.

"అయ్యో, ఖాళీ కడుపుతో కళ్ళు తిరిగాయేమోనండీ!"

సుధామయి ఆటో పేరయ్యకు చెప్పేసరికి కళ్ళు తిరిగే పోయాయి. భూదేవిని ఆటోలో తీసుకెళ్లి, క్యాంపస్ గేటు దగ్గర వాచ్‌మన్ సామేలుకు పేరయ్య చెప్పేసరికి నవత పడిపోయింది కూడా. సామేలు ఎక్కడినుంచో చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. దాన్ని చూసి భూదేవి ఘొల్లుమంది. కథ తన నోటినుంచే మొదలైందని ఆమెకు గుర్తే లేదు.

ల్యాబ్ గుమ్మంలో అందరూ ఆగిపోయారు. లోపల నవత నిక్షేపంగా నిలబడి ఉంది. కుమార్ చెవి ఒగ్గి కూర్చున్నాడు.

"చదివించమ్మా" అన్నారు రాంచందర్ సార్. నవత మీట నొక్కింది.

లాప్‌టాప్ గొంతు విప్పింది: "నవతా, తిన్నవా? మెట్లు చూసి దిగు. ఎండల తిరగకు. ఫోన్ ఎత్తు బిడ్డా."

నవత ముఖం పాలిపోయింది. పరీక్షించి చూసుకోవడానికి ఏవో లైన్లు కావలసివచ్చి, అమ్మ రోజూ అనే మాటలే ఒక ఫైలులో రాసుకుంది. పొద్దున మీటల మీద అమ్మ కొంగు తుడుపుకు కోడ్ వెనక్కి పోయి ఆ ఫైలు ముందుకొచ్చింది.

"ఇదేం కోడ్?" అన్నారు సార్.

కుమార్ నవ్వాపుకోలేక, "కోడ్ కాదు సార్, నవత వాళ్లమ్మ! రోజూ ఫోన్ల వింట. ఒక్క లైన్ గూడ తప్పు చదవలే" అన్నాడు.

"ముందున్నది చదవడమేగా దాని పని? చదివింది. పాస్" అన్నారు సార్.

యంత్రం మళ్లీ మొదటి లైనుకొచ్చింది: "నవతా, తిన్నవా?"

గుమ్మంలో భూదేవి డబ్బాను గుండెకు హత్తుకొని నిలబడిపోయింది. నవత ఆమెను అప్పుడే చూసింది. "తినలే అమ్మా. ఆకలైతున్నది" అంది.

తెచ్చిన చక్రాల కుర్చీ వృథా పోలేదు. ఉప్మా డబ్బాను దాంట్లోనే కూర్చోబెట్టారు.