రంగనాయకి కోసం గాలింపు

ఉదయం తొమ్మిదయ్యేసరికి జువ్వలదిన్నె రేవులో ఒక్క బోటు కూడా మిగల్లేదు. అన్నీ రంగనాయకి అనే ఓడ కోసం సముద్రాన్ని గాలిస్తున్నాయి. ఆ ఓడ మునిగి వందేళ్లు దాటింది. ఆ సంగతి చెప్పగల అజ్మల్ అప్పుడే ఆటో దిగి, ఇంత జనం ఎందుకు చేరారా అని చూస్తున్నాడు.

అజ్మల్ నెల్లూరులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాడు. పెద్ద ఓడల ప్రమాదాల గురించి అందరూ రాసేశారు కనుక, ఎవరూ పట్టించుకోని చిన్న ఓడల మీద పరిశోధన పెట్టుకున్నాడు. పాత పత్రికలో ఓ మూల నాలుగు లైన్ల వార్త దొరికితే చాలు, దాన్ని పట్టుకుని తీరానికి వచ్చి, మీ తాతలు ఏమైనా చెప్పారా అని ముసలివాళ్లను అడుగుతాడు. అతని థీసిస్ సగం పత్రికల్లో ఉంది. మిగతా సగం జువ్వలదిన్నె అరుగుల మీద ఉంది.

ఆ రోజు అతని పథకం చాలా మామూలుది. ఊళ్లో మైకు నడిపే బెన్హర్‌కి వార్తను వాయిస్ మెసేజ్‌గా పంపాడు. ముసలివాళ్లకు ముందే వినిపించి ఉంచితే తాను వెళ్లి జవాబులు రాసుకోవచ్చు. మొదటి మెసేజ్‌లో వార్తను ఉన్నదున్నట్టు చదివాడు. "నిన్న రాత్రి జువ్వలదిన్నెకు తూర్పున రంగనాయకి యను ఓడ మునిగినది. అందలి ఏడుగురి జాడ తెలియరాలేదు." పత్రిక ఎంత పాతదైనా అందులోని నిన్న రాత్రి నిన్న రాత్రే. అది ఏ కాలం వార్తో రెండో మెసేజ్‌లో వివరంగా చెప్పాడు.

బెన్హర్ మొదటిది మాత్రమే విన్నాడు. ఆ భాష విని ఇది కచ్చితంగా సర్కారు ప్రకటన అని నమ్మాడు. ఫోన్‌ను మైకు ముందు పెట్టి ఊరంతటికీ వినిపించి, దాన్ని అక్కడే బల్ల మీద వదిలేసి రేవుకి పరుగెత్తాడు.

ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. సముద్రంలో మనిషి పోయాడన్న కేక వినబడితే ముందు బోటు దించాలి. ఎవరు, ఎప్పుడు అని అడిగి ఆలస్యం చేసినవాడు జరిమానా కట్టాలి. అందుచేత ఎవరూ అడగలేదు. గంగమ్మ కొలుపు కోసం ఊరి పెద్ద నరసయ్య వేట ఆపించి ఉన్నాడు కనుక ఊరి లెక్కలో బోట్లన్నీ రేవులోనే ఉన్నాయి. అన్నీ ఒకేసారి కదిలాయి.

అక్కడి నుంచి వార్త తన దారిన తాను పెరిగింది. విడవలూరు వైపు బోట్లు కూడా బయలుదేరాయి. టీవీలో ఏడుగురు పదిహేడుగురయ్యారు. రంగనాయకిని మొన్ననే కళ్లారా చూశానని ఒకాయన విలేకరికి చెప్పాడు. గూడూరుకి నిమ్మకాయల లోడుతో వెళ్లిన మొగుడి కోసం ఒకామె ఇసుకలో కూలబడి ఏడ్చింది. లారీ వాడికి ఓడతో ఏం పని అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అజ్మల్ విషయం గ్రహించి, ముందు నరసయ్య దగ్గరికే పోయాడు.

"అన్నా, బోట్లని వెనక్కి పిలవండి. ఆ ఓడ మునిగి వందేళ్లయింది."

నరసయ్య సముద్రం మీద నుంచి చూపు తిప్పలేదు. "అయితే మాత్రం? ఏడుగురు మనుషులు గదా. ఎతకనీ."

ఈ జవాబు అజ్మల్‌కి అర్థం కాలేదు. చుట్టూ ఉన్నవాళ్లకి మాత్రం వందేళ్లు అన్న మాట అర్థమైంది. కాసేపటికి అజ్మల్ వేలంపాట షెడ్డులో, ఐసు పెట్టెల మధ్య, ముద్దాయిగా నిలబడి ఉన్నాడు. ఉత్తుత్తి కేక వేసినవాడు ఇక ఊళ్లో కాలు పెట్టకూడదన్నది రెండో కట్టుబాటు. అరుగుల మీది సగం థీసిస్ అరుగుల మీదే ఉండిపోయేట్టుంది.

తాను రెండు మెసేజ్‌లు పంపానని అతను మొత్తుకున్నాడు. రెండోది విననే లేదని బెన్హర్ ఒట్టేశాడు. వయసు మళ్లినా కళ్లజోడు అక్కర్లేని చెంచయ్య బెన్హర్ ఫోన్ తీసుకుని చూశాడు.

"ఒరే, విన్నదానికి మైకు బొమ్మ నీలంగా మారతాది గదా? రెండోది గూడా నీలంగానే ఉండాదే."

"నేను ఇనలేదు తాతా. ఫోను బల్ల మీదే ఉండె."

"అయితే ఎవురో ఇన్నారు. పాత కత అని తెలిసీ నోరు మూసుకున్నారు. ఎవురు?"

ఇది పనికిమాలిన విచారణ అని నరసయ్య కొట్టిపారేశాడు. మూలం అజ్మల్ కనుక తప్పు అజ్మల్‌దే అన్నాడు. తప్పు చేసినవాడి పేరును ఊరి పెద్దే స్వయంగా మైకులో చెప్పాలి కాబట్టి మైకు తెప్పించాడు. చేతిలోకి తీసుకున్నాడు కూడా.

అప్పుడు బోట్లు తిరిగొచ్చాయి. రంగనాయకి దొరకలేదు. దాని బదులు, ఇంజను చెడిపోయి తూర్పున కొట్టుకుపోతున్న ఓ చిన్న బోటును తాడు కట్టి షెడ్డు ముందుకి లాక్కొచ్చాయి. అందులోంచి నరసయ్య కొడుకు సుబ్బు దిగాడు. వాళ్లమ్మ గురవమ్మ వాణ్ని తడిమి చూసుకుని, ప్రాణాలతోనే ఉన్నాడని తేల్చుకున్నాక, వీపు మీద ఒక్కటి వేసింది.

"కొలుపు పూట వేటకి పోతావంట్రా? మీ నాయన పెట్టిన కట్టుబాటు మీ నాయన కొడుక్కి లేదా?"

సుబ్బు తల దించుకున్నాడు. చాలా భయపడ్డావా అని అజ్మల్ జాలిగా అడిగాడు.

"రేత్రి భయపడినాను సార్. నాయనకి ఫోన్ చేస్తే, వేటకి పోయినావని ఊళ్లో ఎట్టా చెప్పేదిరా అని తిట్టినాడు. పొద్దన మళ్లా ఆయనే చేసినాడు. ఏదో పాత ఓడంట, ఆ సంగతి ఎవురికీ చెప్పలేదు, ఊరంతా బయల్దేరింది, నువ్వు ఆడే ఉండు అన్నాడు."

చెంచయ్య ఫోన్‌ను బెన్హర్‌కి తిరిగి ఇచ్చేశాడు. అజ్మల్‌ను వెనక ఎవరో ఐసు పెట్టె మీద కూర్చోబెట్టి టీ చేతికిచ్చారు.

గురవమ్మ మొగుడి వైపు తిరిగింది. "మైకు చేతిలోనే ఉండాది గదా. కానీయి. పేరు చెప్పు."

నరసయ్య గొంతు సవరించుకుని తన పేరు ఊరంతటికీ వినిపించాడు. అలవాటు కొద్దీ చివర గారు అని కూడా చేర్చాడు.