తిరగబడ్డ నంబర్లు

పదింటికల్లా పని ముగించుకొని, పన్నెండింటి బస్సెక్కి అచ్చంపేటలో మేనకోడలి పుట్టువెంట్రుకలకు అందుకోవాలన్నది ఆ ఉదయం దీప్తి వేసుకున్న లెక్క. జడ్చర్ల దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే పనిలో ఆమె చేరి మూడు నెలలైంది. ఇరవై కంప్యూటర్లకు చవగ్గా కొన్న నెట్‌వర్క్ కార్డుల్లో, ఒక్కో కార్డుకు ఉండాల్సిన సొంత నంబరు వెనక నుంచి ముందుకు అచ్చయి ఉంది; అది సరిగ్గా లేకపోతే కంప్యూటరు నెట్‌వర్క్‌లో కలవదు. కార్డును నడిపే డ్రైవరు ప్రోగ్రాంలో ఆ నంబరును తిరగేసే నాలుగు వరుసలు రాసింది దీప్తి. ఇవాళ అన్నీ నడిస్తే ఉద్యోగం ఖాయమని మేనేజరు దశరథం మాటిచ్చాడు.

అన్నీ నడిచాయి. పరీక్షకని దశరథం అన్నింటినీ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టించాడు. అన్నీ పడుకున్నాయి.

దీప్తికి తప్పు దొరికింది. ఆపినా కార్డులో సరిచేసిన నంబరే మిగులుతోంది; మళ్ళీ పెట్టగానే డ్రైవరు దాన్నీ తిరగేస్తోంది. ఆపేటప్పుడు నంబరును మళ్ళీ మొదటిలా తిరగేసి ఉంచే దిద్దుబాటు రాస్తుండగా సూపర్‌వైజరు ఎల్లేష్ సంబరంగా వచ్చాడు.

"మేడం, రెండోసారి ఆపి పెట్టంగనే నాది నడుస్తాంది. అందరికీ జెప్పిన."

అప్పటికే ఇరవై మంది ఇష్టమొచ్చినన్ని సార్లు ఆపి పెట్టేశారు. ఏ కార్డులో నంబరు సరిగ్గా ఉందో, ఏది తిరగబడి ఉందో తెలిసే దారి లేదు. కొత్త డ్రైవరు ఎక్కిస్తే సగం లేచాయి, సగం పడ్డాయి. ఎన్నిసార్లు ఆపారని ఒక్కొక్కరినీ అడిగింది.

"ఎవలు లెక్కపెట్టిన్రు మేడం? నడిచేదాంక ఆపుకుంట పెట్టినం," అన్నాడు ఎల్లేష్.

బస్సు పోయింది. బిడ్డకు గుండు కూడా అయిపోయిందని వదిన ఫోన్ చేసి చెప్పింది. కంప్యూటర్ల నుంచి బిల్లులు రాక సరుకు లారీ గేటు దగ్గరే నిలిచిపోయింది. దశరథం ఆమె కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"నాలుగింటికి లారీ కదలకపోతే, రేపటి నుంచి నువ్వు రానక్కర లేదమ్మా."

పావు తక్కువ నాలుగుకు దీప్తికి తోచింది: కంప్యూటరు ఆపినా కార్డుకు కాస్త కరెంటు అందుతూనే ఉంటుంది; దాన్ని పూర్తిగా తీసేస్తే కార్డులన్నీ పుట్టినప్పటి తిరగబడ్డ నంబరుకే వస్తాయి. లేచే ఓపిక లేక, మెయిన్ స్విచ్చు తీసి పది నిమిషాలాగి వేయమని ఎల్లేష్‌ను పంపింది. అతను వేశాడు. ఇరవై కంప్యూటర్లూ ఒక్కసారిగా లేచాయి. లారీ కదిలింది.

స్విచ్చు వేసిన చేతినే చూసిన దశరథం నేరుగా వెళ్ళి ఎల్లేష్ భుజం తట్టాడు. మేడం చెప్పినట్టే చేశానని అతను ఎంత మొత్తుకున్నా, అది వినయం అనుకున్నాడు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. కంప్యూటర్ల బాధ్యత ఇకపై ఎల్లేష్‌ది. దీప్తి మరో మూడు నెలలు అతని దగ్గర పని నేర్చుకోవాలి. ఎల్లేష్ చాలా సిగ్గుపడుతూ ఆమెకు మొదటి పాఠంగా మెయిన్ స్విచ్చు ఎక్కడుందో చూపించాడు.