ధైర్యం పరీక్షలో తప్పినవారు

ఫిబ్రవరి పదకొండు, బుధవారం. ఆ రోజు పొద్దున బైండరుగారు ఉడకబెట్టిన గుడ్డు ఒకటి, వెన్న రాసిన రొట్టె ముక్కలు రెండు, అరటిపండు సగం తిన్నారు. మిగతా సగం తినబోతుండగా డాక్టరు గదిలోంచి పిలుపు వచ్చింది. లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి పేగులో పుండు ఉందనీ, అది మామూలు పుండు కాదనీ, మూడు వారాలకొకసారి చొప్పున ఆరుసార్లు మందు ఎక్కించాలనీ ఖరారైంది. రోగం వచ్చిందన్న మాట నమ్మడానికి మనిషికి కొంత వ్యవధి పడుతుంది. జేబులో అరటిపండు నలిగిందన్న సంగతి మాత్రం వెంటనే తెలుస్తుంది. బైండరు ముందుగా ఆ రెండో పని చూసుకున్నాడు.

నలభై ఏళ్లపాటు కాలేజీలకూ గ్రంథాలయాలకూ చిరిగిన పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి, మళ్లీ నిలబెట్టిన మనిషి ఆయన. భార్య పోయి ఎనిమిదేళ్లయింది. కూతురి దగ్గర ఉంటున్నాడు.

వార్త పొక్కిన రెండు రోజుల్లో పదిహేడు మంది వచ్చి ధైర్యం చెప్పి వెళ్లారు. పై వాటా పెద్దమనిషి, "ఇప్పుడు దీనికి బ్రహ్మాండమైన మందులున్నాయండీ, మా బాబాయికీ ఇదే వచ్చింది" అని మొదలుపెట్టి, ఆ బాబాయి చివరికి ఏమయ్యాడో గుర్తొచ్చి, ఎండలు ముదిరిపోతున్నాయన్న విషయంలోకి దిగాడు. అల్లుడి మేనత్త, "అంతా మన మనసులోనే ఉంది అన్నయ్యగారూ" అంది. స్కానింగులో పేగులోనే కనబడింది గాని, ఇంటికి వచ్చిన మనిషి మాట కాదనడం మర్యాద కాదు. అందరూ గుమ్మం దాటుతూ, "ఏం కాదు, ధైర్యంగా ఉండండి" అన్నారు. అందరికీ ఆయన "అలాగే" అన్నాడు. కూతురికీ అదే చెప్పాడు. ఆ అమ్మాయి వంటింట్లో కుళాయి తిప్పి పెట్టుకుని, ఆ చప్పుడులో ఏడ్చేది. నీళ్లు వృథా కావడం బైండరుకు ఇష్టం ఉండదు. అందుకని కూడా "అలాగే" అన్నాడు.

ఆస్పత్రిలో మందు ఎక్కించే వార్డులో కిటికీ వారన మూడు కుర్చీలున్నాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ఒకదాంట్లో టైలరమ్మ ఉంది. రొమ్ముకు ఆపరేషను అయింది. తలమీద జుట్టు లేకపోయినా నోట్లో మాటకు కొదవ లేదు. రెండోదాంట్లో లారీ డ్రైవరు. గొంతులో గడ్డ. మాట ఇసుకలో చక్రం తిరిగినట్టు వస్తుంది. మూడో కుర్చీ ఖాళీగా ఉంది.

"రండి అన్నయ్యగారూ, కూర్చోండి" అంది టైలరమ్మ. "ఇక్కడ ఒక్కటే కట్టుబాటు. భయం వంతులవారీగా. ముగ్గురం ఒకేసారి భయపడితే సిస్టరుకి ఇబ్బంది. ఇవాళ మొదటి పదినిమిషాలు మీవి."

"నాకేం భయం లేదమ్మా" అన్నాడు బైండరు.

"అయితే మీ పదినిమిషాలు నాకిచ్చేయండి పెద్దాయనా" అన్నాడు డ్రైవరు. "నాకు చాలట్లేదు."

ఆ కట్టుబాటులో ఇంకో షరతు కూడా ఉంది. ఒకరు భయపడుతున్నప్పుడు మిగతావాళ్లు "ఏం కాదు" అనకూడదు. అన్నవాళ్లు అందరికీ కమలాపళ్లు ఒలిచిపెట్టాలి. మొదటి రోజే బైండరు నాలుగు పళ్లు ఒలిచాడు. రెండో విడతకి ఒకటే. మూడో విడతలో ఆయన తన పదినిమిషాలూ వాడుకుని, డ్రైవరు దగ్గర ఇంకో ఐదు అప్పు తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఎందుకో తెగ నవ్వారు. టైలరమ్మ సెలైను స్టాండు పట్టుకుని మరీ నవ్వింది.

ఆ నవ్వే కొంప ముంచింది.

సరిగ్గా అదే సమయానికి ఆస్పత్రి యాజమాన్యం వారి తనిఖీ బృందం వార్డులోకి వచ్చింది. రోగులు నవ్వుతున్నారు. అనుమతి ఎవరిచ్చారో తెలియదు. విచారించగా ఎవరూ ఇవ్వలేదనీ, ఏ ఖర్చూ లేకుండా, ఏ అధికారీ లేకుండా ఈ వార్డులో ధైర్యం దానంతటదే తయారవుతోందనీ తేలింది. ఇంత విలువైన సరుకును ఇలా గాలికి వదిలేయడం బాధ్యతారాహిత్యమని బృందం అభిప్రాయపడింది. వారం తిరక్కుండా "ధైర్య వికాస పథకం" అమల్లోకి వచ్చింది. పథకానికి ధైర్యాధికారిని నియమించారు. ఆయనకు ఇదే ఆస్పత్రి పార్కింగు విభాగంలో పదేళ్ల అనుభవం ఉంది. ఏది ఎక్కడ నిలబెట్టాలో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

ప్రారంభ సభలో ఆయన ఇలా ఉపన్యసించారు: "మిత్రులారా! రోగం మీ శత్రువు. భయం ఆ శత్రువు పంపిన గూఢచారి. గూఢచారిని పట్టుకుని ఎవరి ధైర్యానికి తగిన గదిలో వారిని కూర్చోబెడితే, విజయం ఎక్కడికి పోతుంది?" విజయం ఎక్కడికి పోతుందో ఎవరికీ తోచలేదు కాబట్టి చప్పట్లు కొట్టారు.

తరవాత పరీక్ష. పది ప్రశ్నలు, పది మార్కులు. "భవిష్యత్తు తలుచుకుంటే మీకు ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకు మూడు జవాబులిచ్చారు: ఉత్సాహంగా, చాలా ఉత్సాహంగా, ఇతరములు. బైండరు ఆ కాగితాన్ని ఇంటికొచ్చిన పదిహేడు మందిలో ఒకరిగా భావించి, అన్నిటికీ వాళ్లకు చెప్పిన జవాబే చెప్పాడు. తొమ్మిది మార్కులొచ్చాయి. ధీరుల హాల్లో చోటిచ్చారు. డ్రైవరు గొంతు నొప్పితో ఏమీ రాయకుండా ఖాళీ కాగితం ఇచ్చాడు. దాన్ని సహనంగా గుర్తించి మధ్యరకం గదికి పంపారు. టైలరమ్మ "ఇతరములు" దగ్గర ఆగి, దాని పక్కన చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి రాసింది. ఆవిడను వరండా చివర, పాత మంచాలు పెట్టే కొట్టు పక్కనున్న గదికి పంపారు. ఆ గదికి కాగితాల మీద "ధైర్యాభ్యర్థుల విభాగం" అని పేరు. అందరూ పిరికివాళ్ల గది అనేవారు.

నాలుగో విడత బైండరు ధీరుల హాల్లో ఎక్కించుకున్నాడు. కొత్త కుర్చీలు, గోడ నిండా టీవీ, ఎదురుగా ఎవరి చిరునవ్వు వారు సరిచూసుకోవడానికి నిలువుటద్దం. పక్క కుర్చీలో డ్రిల్లు మాస్టారు. ఆయనది పదికి పది. ఆయన పిడికిలి బిగించిన ఫొటో గేటు దగ్గరా, లిఫ్టులోనూ, రెండువేల క్యాలెండర్ల మీదా అచ్చయింది. కింద "భయమా? అంటే ఏమిటి?" అని రాసి ఉంది. ఆ రోజు బైండరుకు నరం దొరక్క సూది మూడుసార్లు గుచ్చారు. ఆయన నవ్వాడు. ధైర్యాధికారి రాసుకున్నారు. హాలు చప్పట్లు కొట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డప్పుడు చప్పట్లు వినబడితే ఎలా ఉంటుందో పెద్దలు చెప్పలేదు. వాళ్లకు ఇలాంటి సదుపాయాలు ఉండేవి కావు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఇక నేను వెళ్లనమ్మా" అన్నాడు.

కూతురు చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "అదేంటి నాన్నా? ఇంకా రెండేగా! మధ్యలో ఆపితే మొదటికే మోసమని డాక్టరు చెప్పాడా లేదా?"

"చెప్పాడు."

"మరి?"

"అక్కడ మాట్లాడుకోడానికి ఎవరూ లేరు."

"నాతో మాట్లాడొచ్చుగా."

బైండరు నోరు తెరిచాడు. లోపల చాలా ఉంది. పైకి మాత్రం "అలాగే" అని వచ్చింది. కూతురు వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది.

పదిరోజులు గడిచాయి. ఆస్పత్రి పేరెత్తితే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. పదకొండో రోజు టైలరమ్మ ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, మీరు మానేస్తారని మన డ్రైవరు తమ్ముడన్నాడు. నిజమేనా?"

డ్రైవరుతో ఆయన ఆ మాట అనలేదు. అయినా అతనికి తెలిసింది.

"నిజమేనమ్మా."

"మానేద్దురుగానిలెండి, తొందరేముంది. ముందు నా మాట వినండి. నియమాల్లో మళ్లీ పరీక్ష రాసే వీలుంది. ధైర్యం పెంచుకున్నవాళ్ల కోసమని పెట్టారు గాని, తగ్గినవాళ్లు రాయకూడదని ఎక్కడా లేదు. తమ్ముడు నిన్న రాసి తప్పాడు. ఇవాళ నా పక్కనే కూర్చున్నాడు. మీరూ తప్పండి."

"ఎలా తప్పాలమ్మా?"

"అదేం ప్రశ్నండీ! ఉన్నదున్నట్టు రాయండి. చక్కగా తప్పుతారు."

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. మందు పడేకొద్దీ బైండరు వేళ్లు మొద్దుబారాయి. నలభై ఏళ్లు సూదీ దారం ఆడిన వేళ్లకు కలం పట్టుకున్నామో లేదో తెలియడం లేదు. అర్జీ పెట్టుకుంటే, నియమం ప్రకారం దగ్గరి బంధువుతో రాయించవచ్చని అనుమతి వచ్చింది. దగ్గరి బంధువు కూతురే. ధైర్యాధికారి గది మూల చిన్న బల్ల ముందు ఇద్దరూ కూర్చున్నారు.

కూతురు చదివింది. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"

"లేదు."

ఆమె తలెత్తింది. "ఎందుకని రాయను?"

"పక్కగదిలో నువ్వు మేలుకుని ఉన్నావని తెలుస్తూనే ఉంటుంది. ఒక ఇంట్లో ఇద్దరు దొంగ నిద్రలు పోతుంటే ఇంక నిజం నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆమె రాసింది. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న. వేళ్లలో స్పర్శ మళ్లీ రాదేమోనని భయం. వచ్చినా కుట్టడానికి రోజులుంటాయో ఉండవోనని భయం. నొప్పి కన్నా, ఆ నొప్పిని కూతురు చూస్తుందేమోనన్న భయం ఎక్కువ. తల్లి పోయినప్పుడు పిల్ల ముందు ఏడవకుండా గొప్పగా నిలబడ్డాడు కదా, ఆ నిలబడటంలో ఏదో పొరపాటు జరిగిందని ఈమధ్యే అనుమానం. ఎనిమిదో ప్రశ్న దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి.

"నాన్నా, కాస్త ఆగు" అంది కూతురు. "నాకూ భయంగానే ఉంది."

"రాయమ్మా. అది కూడా రాసెయ్. మార్కులు తగ్గుతాయి."

ఆమె ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. ఆ గదిలో తిప్పడానికి కుళాయి లేదు.

సున్నా వచ్చింది. పథకం చరిత్రలో మొదటి సున్నా. ధైర్యాధికారి స్వయంగా లేచి, బైండరు భుజం తట్టి, "నిరాశ పడకండి, ఎప్పటికైనా పైకొస్తారు" అని ఓదార్చారు.

ఐదో విడతకి కూతురే ఆయన్ని పిరికివాళ్ల గదికి తీసుకెళ్లింది. కుర్చీల్లో ఒకదానికి కాలు పొట్టి. కిటికీ తీస్తే సైకిలు స్టాండు. టైలరమ్మ కమలాపళ్ల సంచీ ఆయన ఒళ్లో పెట్టి, "ఆలస్యమైంది, ముందు ఒలవండి" అంది. ఒలవడం వేళ్లకు చాతకాలేదు. డ్రైవరు ఒలిచాడు. కూతురికి గుమ్మం దగ్గర ఒక స్టూలు వేసి, ఆమెకూ పదినిమిషాల వంతు మంజూరు చేశారు.

పథకం మొదలై రెండు నెలలు తిరక్కుండానే దాని నివేదిక వెలువడింది. పిరికివాళ్ల గదిలో ఒక్కరూ ఒక్క విడతా మానలేదు. కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, అర్ధగంటలో ఫోను చేసి సిస్టరు ప్రాణం తీశారు. ధీరుల హాల్లో మాత్రం నలుగురిలో ఒకరు మధ్యలోనే రావడం మానేశారు. జ్వరం వచ్చినా, వాంతులైనా ఒక్క ఫిర్యాదూ లేదు. ఇద్దరిని స్పృహ తప్పాక అంబులెన్సులో తేవాల్సి వచ్చింది. అప్పటికీ వాళ్లు నోరు మెదపలేదు. ఈ అంకెలను లోతుగా పరిశీలించిన మీదట, ధైర్యం ఎక్కువైనవారికి వైద్యం అవసరం తక్కువని రుజువైనట్టు యాజమాన్యం ప్రకటించింది. ధైర్యాధికారికి పదోన్నతి వచ్చింది. ధీరుల హాలుకు ఇంకో అద్దం వచ్చింది.

బైండరు ఆరో విడత పూర్తయిన సాయంత్రం. పుండు పోయిందో లేదో మూడు వారాల తరవాత స్కానింగులో తెలుస్తుంది. ఆయన లేచి చొక్కా చేతులు దించుకుంటుండగా తలుపు కొంచెం తెరుచుకుంది. డ్రిల్లు మాస్టారు. ఫొటోలో ఉన్నదానికి సగం మనిషి.

"ఇక్కడ కుర్చీ ఏమన్నా ఖాళీ ఉందా?" అన్నాడు.

"పరీక్ష తప్పారా మాస్టారూ?" అన్నాడు డ్రైవరు.

"తప్పనివ్వట్లేదయ్యా. రెండుసార్లు రాశాను. క్యాలెండర్లు అచ్చయ్యాయి కదా, ఇప్పుడు ఎలా అంటున్నారు." మాస్టారు గోడ పట్టుకున్నాడు. "తొమ్మిది రోజులుగా జ్వరం. ఇంట్లో చెప్పలేదు. ఎవరితో చెప్పను? అందరూ నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు."

టైలరమ్మ సిస్టరుని కేకేసింది. బైండరు తన కుర్చీ మాస్టారుకిచ్చి, తాను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆటో తెస్తానని వెళ్లబోతున్న కూతురితో "కాసేపు ఆగమ్మా" అన్నాడు. సిస్టరు జ్వరం చూసి, పెదవి కొరుక్కుని, డాక్టరు కోసం పరుగెత్తింది. మాస్టారి భుజాలు అదరడం మొదలైంది. పదినిమిషాలు దాటాయి. ఎవరూ గడియారం చూడలేదు.

అప్పుడే వరండాలో సందడి వినబడింది. మాస్టారి బావమరిది పెద్ద పూలగుత్తితో, ఆయన పాత విద్యార్థులు పాతికమంది ఫోన్లు పైకెత్తి పట్టుకుని, ముందు నడుస్తూ ధైర్యాధికారి. "మన సింహం ఎక్కడ? రెండు మాటలు మాట్లాడించి వెళ్లిపోతాం" అంటున్నారు. పాపం, అందరూ మంచివాళ్లే. ఆ గుంపులో వెనకవరసలో, మడమలెత్తి తొంగిచూస్తూ, మనం కూడా ఉన్నాం. మనకూ ధైర్యం అవసరమే కదా. రోగి దగ్గర తప్ప అది ఎక్కడ దొరుకుతుంది?

వార్డు ఆయా చీపురు గోడకానించి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇక్కడెవరూ సింహాలు లేరు బాబూ, అందరూ మనుషులే" అంది. "ఇవాళ్టికి టైమైపోయింది. పొద్దున రండి."

లోపలికి వచ్చి, మాస్టారి వైపు చూడకుండా, చప్పుడు కానివ్వకుండా తలుపు మూసింది.